చావుగుమ్మం తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. జానెడు పొడుగు, చేతికి తెలిసేంత బరువు, మూడు పళ్ళు. మూడో పన్ను అరిగి సగమైంది. ఇప్పుడు అద్దాల పెట్టెలో ఎర్ర మఖమల్ మీద పడుకుని ఉన్నాను కాబట్టి, చూసినవాళ్ళు ఏ జమీందారుగారి ఖజానా తాళంచెవో అనుకుంటారు. కాదండీ. నేను తెరిచిన తలుపుల్లోంచి బయటికి వెళ్ళినవాళ్ళందరినీ నలుగురు మోసుకెళ్ళారు. సొంత కాళ్ళ మీద నడిచి వెళ్ళింది ఒక్క మనిషే. ఆవిడ సంగతి చెప్పాలనే ఇన్నాళ్ళకి నోరు తెరిచాను.

మా ఊరి పేరు రోకాముత. ఇటలీ నడిమధ్య కొండల్లో ఉంది. లోయలోంచి తలెత్తి చూస్తే ఇళ్ళన్నీ దొంతి పెట్టిన కుండల్లా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఊరి చుట్టూ రాతి గోడ, గోడకి ఒకే ఒక్క సింహద్వారం. పిండి బస్తాల గాడిదలు ఆ దారినే ఎక్కి వచ్చేవి కాబట్టి దాన్ని రొట్టెల ద్వారం అంటారు. ఈ రోజుల్లో గైడులు జనాన్ని అక్కణ్ణుంచి పైకి నడిపించి, నాలుగు ఫొటోలు తీయించి, ఐస్‌క్రీం తినిపించి బస్సెక్కిస్తున్నారు. నన్నడిగితే మా ఊరిని పైనుంచి కిందికి, ఒక శవంతో పాటు నడుస్తూ చూడాలి. నేను అలాగే చూశాను.

మొదట చర్చి గంటస్తంభం వస్తుంది. రెండు వందల ఏళ్ళుగా రేపో మాపో పడిపోతుందని అందరూ అంటూనే ఉన్నారు, ఆ అన్నవాళ్ళే ఒకరి తరవాత ఒకరు దాని నీడలోంచి వెళ్ళిపోయారు. తరవాత ఒంటి ముల్లు గడియారం. అది గంటలు చూపిస్తుంది, నిమిషాలతో మావాళ్ళకి ఎప్పుడూ పని పడలేదు. శవం వస్తుంటే దాన్ని ఆపేస్తారు, దాటి వెళ్ళాక మళ్ళీ నడిపిస్తారు. అది దాటితే ఊరి నడిమి ఖాళీ జాగా, చౌకు. చౌకు కింద కొండరాయిని తొలిచి కట్టిన పెద్ద నీటి గది ఉంది, ఊరి మీద పడ్డ వానంతా అందులోకే పోతుంది. మోసేవాళ్ళు ఆ రాళ్ళ మీద నడుస్తుంటే కింద నీళ్ళలో ఇంకెవరో అడుగు కలిపి నడుస్తున్నట్టు వినిపిస్తుంది. చౌకు చివర మూడు రాతి ముఖాల ఫౌంటెన్. రెండు ముఖాల నోళ్ళలోంచి నీళ్ళు పడతాయి. మూడోది కట్టిన నాటి నుంచీ పొడి నోరే. అది నీళ్ళు ఇవ్వదు, తాగుతుంది అంటారు మా ఆడవాళ్ళు. ఇక రొట్టెల ద్వారం దాటి అరగంట దిగితే సరుగుడు లాంటి నల్లటి చెట్ల మధ్య సమాధుల తోట. ఊరు అంతే.

ఇక నా పని. మా ఊళ్ళో ప్రతి పాత ఇంటికీ వీధివైపు రెండు తలుపులుంటాయి. ఒకటి అందరూ తిరిగే పెద్ద తలుపు. దాని పక్కనే మోకాలెత్తు గడపతో, శవపేటిక పట్టేంత వెడల్పుతో ఇంకొకటి. అదే చావుగుమ్మం. చావు తను వెళ్ళిన దారి మరిచిపోదని మావాళ్ళ నమ్మకం. పెద్ద తలుపులోంచి శవాన్ని తీసుకెళ్తే అదే తలుపులోంచి మళ్ళీ ఇంకొకరి కోసం వస్తుందట. అందుకని దానికో ఇరుకు దారి పెట్టి, పని కాగానే తాళం వేసేస్తారు. చావుని మోసం చేస్తున్నామనుకోవడం మనుషులకి భలే సరదా.

నన్ను చేసినవాడు బర్తోలో అనే కమ్మరి. నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట, ప్లేగు వచ్చిన సంవత్సరం. నలభై ఒక్క ఇళ్ళకి చావుగుమ్మాలు, నలభై ఒక్క తాళాలు. చేతిలో ఇనుమూ లేదు, తీరికా లేదు. అన్ని తాళాలూ ఒకే అచ్చులో పోసి, అన్నిటికీ కలిపి నన్నొక్కదాన్నే చేశాడు. మొదటి తలుపు వాళ్ళ ఇంటిదే. భార్యని ఆ దారినే పంపించాడు. అప్పటికి తాళానికి లోపలా బయటా రెండు వైపులా కన్నం ఉండేది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం బర్తోలో ఒక్కడే కూర్చుని ఉండగా చావుగుమ్మం మీద ఎవరో మూడు సార్లు తట్టారు. గాలే అయి ఉండొచ్చు. ఆయన లేచి చూడలేదు. సీసం కరిగించి బయటి కన్నంలో పోసేశాడు, తరవాత ఊళ్ళో అన్ని తలుపులకీ పోశాడు. అప్పట్నుంచీ నేను లోపలి నుంచి మాత్రమే తిరుగుతాను. తట్టినా చూడకపోవడం అప్పట్నుంచీ ఊరి ఆచారం.

శవానికి స్నానం చేయించేది ఆడవాళ్ళు కాబట్టి నేను ఒక ఇంటి ఆడవాళ్ళ దగ్గరే ఉండిపోయాను. తల్లి నడుము నుంచి కూతురి నడుముకి, ఉన్ని తాడుతో. మధ్యలో ఒక పండితుడుగారు వచ్చి నన్ను కొలిచి, నేను రోమన్ల కాలం నాటిదాన్నని పుస్తకం రాశాడు. ఒక్క దెబ్బతో నా వయసు పదిహేను వందల ఏళ్ళు పెంచేశాడు, ఎవరికి నచ్చుతుంది చెప్పండి? ఇంకోసారి ఫ్రెంచి సైనికులు ఊళ్ళో ఇనుమంతా పోగు చేసుకెళ్తూ, నేను దేనికో తెలిశాక ముట్టుకోకుండా వదిలేశారు. అలా తిరిగి తిరిగి ఎర్సీలియా చేతికొచ్చాను.

ఎర్సీలియాకి అప్పుడు ఇరవయ్యారేళ్ళు. చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉండేవి, ఆ చేతుల్లో ఉండటం నాకు ఇష్టం. తల్లి అసుంత మోకాళ్ళు పనిచేయక మేడ మీద మంచం పట్టడంతో నన్ను కూతురికి అప్పగించింది. ఎర్సీలియా భర్త నజరేనో రాతిపని మేస్త్రి. సున్నపు దుమ్ముతో ఎప్పుడూ తెల్లగా ఉండేవాడు, నవ్వితే పళ్ళకన్నా ముందు దుమ్ము రాలేది. ఇద్దరికీ పెళ్ళయి రెండేళ్ళు. ఒకరంటే ఒకరికి ప్రాణం.

యుద్ధం వచ్చింది. ఓడిపోయి ఉత్తరానికి వెనక్కి పోతున్న పరాయి సైన్యం ఆ వేసవిలో మా ఊళ్ళో దిగింది. యాభై ఏళ్ళ లోపు మగాళ్ళందరూ మర్నాడు మధ్యాహ్నం చౌకులో హాజరవ్వాలి, కందకాలు తవ్వే పని అన్నారు. పక్క ఊరి నుంచి అలా వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లో ఎర్సీలియా భర్తతో అంది. "నువ్వు చచ్చిపోవాలి."

"ఇప్పుడేనా? కాస్త రొట్టె తిననియ్యి."

"నవ్వకు. చౌకులోకి వెళ్తే ఎలాగూ చస్తావు. ఇక్కడే చచ్చిపోతే పేటికలో పెట్టి పంపించేస్తా. అవతల ఫాదర్ చెలెస్తీనో మూత తీస్తారు. అడవి దారిన వెళ్ళిపో. వీళ్ళు పోయాక వద్దువుగాని."

"చచ్చినట్టు పడుకోవడం ఏముందిలే. ప్రతి ఆదివారం పూజలో చేసే పనేగా."

ఈ సంగతి ఆ ఇద్దరికీ, చర్చి ఫాదర్‌గారికీ తప్ప ఎవరికీ తెలియదు. మేడ మీది అసుంతకి కూడా చెప్పలేదు. ఊళ్ళో ఎవరి నోరు ఎలాంటిదో చెప్పలేని రోజులు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మనిషి పోయాడని తేల్చేది నేనే. నన్ను ఆ మనిషి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఒక ప్రార్థన మొదట్నుంచి చివరిదాకా చెప్తారు. తీసి చూస్తే చల్లగా ఉంటే వెళ్ళిపోయినట్టే. అప్పుడుగానీ చావుగుమ్మం తెరవరు. ఈ పరీక్ష దాటడానికి నజరేనో నేలమాళిగలోకి దిగి, నీటి గదిలోంచి తోడిన నీళ్ళలో మోచేతుల దాకా గంటసేపు చేతులు పెట్టి కూర్చున్నాడు. నడి వేసవిలోనూ ఆ నీళ్ళు ఎముక కొరికేస్తాయి.

మొగుడు విషజ్వరంతో పోయాడని ఎర్సీలియా చెప్పగానే సైనికాధికారి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు. రొట్టెల బట్టీ ఫిలోమినా మాత్రం లోపలికి వచ్చి మంచం పక్కనే నిలబడింది. ఊళ్ళో ఏ చావూ ఆవిడ లేకుండా జరగదు. ఎర్సీలియా ప్రార్థన ముగించి నన్ను భర్త చేతిలోంచి తీసింది. ఫిలోమినా తన వేలితో నన్ను తాకి "మంచు" అంది, ఏడుపు మొదలుపెట్టింది. నేను అంత పెద్ద అబద్ధం ఆడటం అదే మొదటిసారి.

పేటికని ఇరుకు తలుపులోంచి దాటించారు. మోసింది యాభై దాటిన నలుగురు ముసలివాళ్ళు. అధికారి టోపీ తీశాడు. ఎర్సీలియా తలుపు మూసి, నన్ను తిప్పి తాళం వేసింది. ఇక మిగిలింది ఒక్కటే. తాళం వేసిన మనిషి తలుపుకి నోరు ఆనించి, పోయినవారి పేరు మూడు సార్లు పిలిచి, "నీ దారి అయిపోయింది" అనాలి. ఆ మాట అనకపోతే సైనికులకి తెలిసేది కాదు. కానీ ఫిలోమినా పక్కనే ఉంది. పైగా చేతికీ నోటికీ అలవాటైన పని. ఎర్సీలియా అనేసింది. తలుపుకి అవతల జానెడు దూరంలో, పేటికలో, నజరేనో తన పేరు మూడు సార్లూ విని ఉంటాడు.

ఆ తరవాత జరిగింది నేను చూడలేదు. అనుకున్న ఏర్పాటు ప్రకారమైతే, ఫాదర్ చెలెస్తీనో సమాధుల తోట గదిలో మూత తీసి, మనిషిని పంపించేసి, పేటికలో రాళ్ళు నింపి పాతిపెట్టించాలి. అలాగే చేశాడో లేదో చెప్పడానికి ఆయన లేడు. నాలుగో రోజు కింది వంతెన మీద ఫిరంగి గుండు పడి పోయాడు. ఎర్సీలియాకి ఏ కబురూ రాలేదు. ఆ పేటికకి గాలి సరిపోయిందా లేదా అని ఐదు నెలలు కుమిలిపోయింది.

నవంబరులో మా ఊళ్ళో పొగమంచు చౌకులోకి వచ్చి కూర్చుంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం నజరేనో రొట్టెల ద్వారం ఎక్కి వచ్చాడు. సైన్యం ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఫిలోమినా పిన్నీ, బాగున్నావా?" అన్నాడట బట్టీ ముందు ఆగి.

ఫిలోమినా సిలువ గుర్తు వేసుకుని, ఒక రొట్టె గడప మీద పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికెళ్ళిపోయింది. పోయినవాళ్ళకి రొట్టె పెట్టేది అలాగే. సంతోషం పట్టలేక అలా చేసిందనుకున్నాడు పాపం. తింటూ ఇంటికొచ్చి పెద్ద తలుపు కొట్టాడు.

ఎర్సీలియా తలుపు తీసింది. ఎదురుగా పొగమంచులో చిక్కిపోయి, తెల్లగా, నవ్వుతూ నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి చాచింది. అప్పుడే వెనకాల మెట్ల మీద చప్పుడైంది. రెండేళ్ళుగా మంచం దిగని అసుంత గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎర్సీలియా, నువ్వు పేరు చెప్పేశావు. తలుపు వెయ్యమ్మా."

ఎర్సీలియా తలుపు వేసింది. ఒక్క నిమిషం, అమ్మకి నచ్చజెప్పి తీద్దామని వేసింది. ఆ నిమిషం పదకొండేళ్ళు సాగింది.

మీకు ఇది విడ్డూరంగా ఉండొచ్చు. కొత్తగా వచ్చిన ఫాదర్ ఒత్తావియోకీ అలాగే ఉండేది. ఆయన మైదాన ప్రాంతం మనిషి. "మీ కళ్ళ ముందే తిరుగుతున్నాడు కదమ్మా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

"తిరుగుతున్నాడు ఫాదర్, కాదన్నదెవరు?" అంది ఫిలోమినా నెమ్మదిగా. "బతికే ఉన్నాడేమో కూడా. కానీ వెళ్ళిపోయాడుగా."

మున్సిపాలిటీ పుస్తకంలోనూ పోయినట్టే రాసి ఉంది. నజరేనో సమాధుల తోట పక్కన ఒక గుడిసె వేసుకున్నాడు. పడిపోయిన సమాధులు కట్టాడు, ప్రహరీ ఎత్తాడు, అంత చక్కటి రాతిపని ఊళ్ళో మరెక్కడా లేదు. ఊరివాళ్ళు ఆ గోడ మీద రొట్టె, ఉల్లిపాయలు, ఒక్కోసారి ద్రాక్షసారా పెట్టి వచ్చేవాళ్ళు. ఆకలితో ఎవరూ చావనివ్వలేదు. పలకరించిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

మరి ఎర్సీలియా ఎందుకు వెళ్ళలేదు? ఆవిడ నడుముకి వేలాడినదాన్ని కాబట్టి చెప్తాను. ఆయన బతికే ఉన్నాడని ఒప్పుకుంటే, తను తలుపు వేసింది బతికున్న మొగుడి ముఖం మీద. పోయాడనుకుంటే, తను చేసింది ఊరి ఆచారం. రోజులు గడిచేకొద్దీ మొదటి మాట ఒప్పుకోవడం కష్టమైపోయింది. నాకు ఆవిడ మీద కోపం వచ్చేది, జాలీ వేసేది.

ప్రతి సోమవారం మధ్యాహ్నం చావుగుమ్మం మీద మూడు సార్లు చప్పుడయ్యేది. ఎర్సీలియా నన్ను గుప్పిట్లో పట్టుకుని తలుపు లోపల బల్ల మీద కూర్చునేది. తీసేది కాదు, లేచి వెళ్ళేదీ కాదు. చప్పుడు ఆగాక నన్ను గౌను అంచుతో తుడిచేది, అంత చెమట పట్టేది. ఒక సోమవారం ఫాదర్ ఒత్తావియో వచ్చాడు. "ఇప్పుడే అతన్ని సమాధుల తోటలో చూసి, గుర్రబ్బండిలో పైకొచ్చానమ్మా. నిచ్చెనెక్కి గోడ కడుతున్నాడు. నువ్వెలా ఉన్నావని అడిగాడు" అంటున్నాడు. ఆ మాట పూర్తికాకుండానే తలుపు మీద మూడు చప్పుళ్ళు. మనిషి నడిచి వస్తే అరగంట దారి. ఫాదర్‌గారి మొహం పాలిపోయింది. ఆవిడ దగ్గర ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎర్సీలియా చేతులు చల్లబడటం మొదలైంది ఆ రోజు నుంచే.

పదకొండేళ్ళకి, మళ్ళీ ఒక నవంబరులో అసుంత పోయింది. ఆ సాయంత్రమే నన్ను అరచేతిలో పెట్టి ప్రార్థన చెప్పారు, నేను చల్లగానే వచ్చాను. మర్నాడు పొద్దున పది గంటలకి చావుగుమ్మం తెరిచారు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురింటి గోడ కనిపించడం లేదు. పేటిక గడప దాటింది. మోసేవాళ్ళు వెనక్కి చూడకూడదు, చూడలేదు. జనం వాళ్ళ వెనకే వెళ్ళిపోయారు. ఎర్సీలియా ఒక్కతే నన్ను పట్టుకుని తలుపు లాగబోయింది. గడప అవతల నజరేనో నిలబడి ఉన్నాడు.

జుట్టు తెల్లబడింది. దుమ్ము వల్లో, వయసు వల్లో.

"లోపలికి రానా?" అన్నాడు.

"అమ్మ పోయింది."

"తెలుసు. సమాధి నేనే కట్టాను."

ఎర్సీలియా చివరికి పదకొండేళ్ళుగా అడగాల్సిన మాట అడిగింది. "నజరేనో, నువ్వు బతికే ఉన్నావా?"

ఆయన నవ్వలేదు. "ఉన్నాననే అనుకున్నా మొదట్లో. నన్ను ఎవరూ పిలవరు, ఎవరూ ముట్టుకోరు. ఇప్పుడు నాకూ తెలీదు. నువ్వే చెప్పు."

ఆవిడ చెయ్యి చాచి ముట్టుకోలేకపోయింది. నన్ను చాచింది. ఆయన అరచెయ్యి చాపాడు. ఆవిడ నన్ను అందులో పెట్టి, ఆ వేళ్ళు తగలకుండా జాగ్రత్తపడుతూ, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మేస్త్రి చెయ్యి, అంతా కాయలు కాసి ఉంది. తరవాత కళ్ళు తెరిచి నన్ను వెనక్కి తీసుకుని, చెంపకి ఆనించుకుంది.

"వెచ్చగా ఉంది" అంది. మళ్ళీ గట్టిగా, ఊరికంతటికీ చెప్తున్నట్టు, "వెచ్చగానే ఉంది!" అని భోరున ఏడ్చేసింది.

"అయితే రానా?"

"వద్దు. నువ్వు లోపలికొస్తే వీళ్ళు నన్ను కూడా లేనిదాన్ని చేస్తారు. నేనే వచ్చేస్తా." నన్ను గడప మీద పెట్టి, గౌను కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ మోకాలెత్తు గడప దాటి వీధిలోకి దూకింది. ఆ తలుపులోంచి మనిషి నడిచి వెళ్ళడం అదే మొదలు, అదే ఆఖరు. ఇద్దరి అడుగుల చప్పుడు చౌకు రాళ్ళ మీదుగా వెళ్ళింది. కింద నీటి గదిలోంచి తిరిగొచ్చిన చప్పుడు ఇద్దరిదో, ఒక్క మనిషిదో, ఆ దూరంలో నాకు సరిగ్గా అందలేదు.

శవం వెంట వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి చావుగుమ్మం బార్లా తెరిచి ఉంది. గడప మీద నేను. ఫిలోమినా తలుపైతే మూసింది గానీ, మూసి ఎర్సీలియా పేరు పిలవడానికి మనసొప్పలేదు. గుడిసె దగ్గరికి వెళ్ళి చూశారు, ఎవరూ లేరు. పొయ్యిలో బూడిద ఉంది. అది ఎన్నాళ్ళదో ముట్టి చూసినవాళ్ళు లేరు. నజరేనో సమాధి తవ్వితే పేటికలో రాళ్ళున్నాయో, మనిషున్నాడో గంటలో తేలిపోతుందని ఫాదర్ ఒత్తావియో అన్నాడు. పార తెచ్చినవాడు లేడు. ఇప్పటికీ లేడు.

ఇప్పుడు ఆ ఇల్లే మ్యూజియం. గైడు నా పెట్టె ముందు ఆగి గొంతు తగ్గించి, చచ్చిన మొగుడు వచ్చి పెళ్ళాన్ని తీసుకుపోయిన కథ చెప్తాడు. జనం భుజాలు దగ్గరికి లాక్కుంటారు. అబద్ధం, ఆవిడ బతికున్న మొగుడితో వెళ్ళింది, నేను వెచ్చగానే వచ్చాను అని అద్దం పగిలేలా అరవాలనిపిస్తుంది. కానీ అరవలేను. నోరు లేక కాదు.

శవాన్ని పంపే హడావుడిలో ఆ రోజు పొద్దుటి నుంచీ నేను ఎర్సీలియా గుప్పిట్లోనే ఉన్నాను. పొయ్యి పక్కన నిలబడ్డ మనిషి గుప్పిట్లో. నాలో ఆ వేడి ఉంది, ఆవిడ చెంపకి తగిలిన వెచ్చదనం అదో, ఆయన చేతిదో నాకే తెలియదు. ఇనుము పూర్తిగా చల్లబడాలంటే ప్రార్థన మొత్తం పట్టాలి. ఆవిడ సగమే చెప్పింది. సగంలో ఆపి నన్ను వెనక్కి తీసుకుంది. ఆ ప్రార్థనని ఊళ్ళో అందరికన్నా ఎక్కువసార్లు చెప్పిన మనిషి, మిగతా సగం మరిచిపోయి ఆపలేదు.